టోక్యోలో పిల్లలతో ఆరు రాత్రుల బస: ఏ స్టేషన్ దగ్గర, ఎలాంటి గది?

(ఫోరం చర్చ. ప్రతి పోస్టు పైన ఉన్నది రాసినవారి మారుపేరు.)

మూడు సూట్‌కేసులు

అందరికీ నమస్కారం. అక్టోబర్ 26 నుంచి ఆరు రాత్రులు టోక్యోలో ఉంటాం. పొద్దున 8 గంటలకు నరిటాలో దిగుతాం, తిరుగు విమానం నవంబర్ 1 ఉదయం 11కి హనెడా నుంచి. పెద్దవాళ్లం ముగ్గురం, ఏడేళ్ల బాబు, మూడేళ్ల పాప, ఒక స్ట్రోలర్. అత్తగారికి మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేరు. శాకాహారులం. బసకు రాత్రికి 35,000 యెన్లు మించకూడదు. ఎక్కడ వెతికినా షింజుకు, ఉయెనో, అసాకుసా అనే చెబుతున్నారు. వీటిలో పిల్లలకు ఏది నయం? ఐదుగురం ఒకే గదిలో సర్దుకోవచ్చా?

లిఫ్టు ఎక్కడ

పేట పేరు తర్వాత చూద్దురుగాని, ముందు స్టేషన్ చూడండి. అంతకన్నా ముందు ఆ స్టేషన్లో లిఫ్టు ఏ ఎగ్జిట్ దగ్గర ఉందో చూడండి. మెట్రో స్టేషన్లకు పది ఎగ్జిట్లున్నా లిఫ్టు పైదాకా వచ్చేది చాలాచోట్ల ఒకటి రెండు వైపులే. హోటల్ వాళ్లు "ఎ4 ఎగ్జిట్ నుంచి 3 నిమిషాలు" అని రాస్తారు. ఎ4లో మెట్లే ఉండి, లిఫ్టు రోడ్డుకు అవతల వేరే ఎగ్జిట్లో ఉంటే స్ట్రోలర్‌తో మీకది పది నిమిషాలు.

ఆ నిమిషాల లెక్క కూడా తెలుసుకోండి. జపాన్లో ఇళ్ల ప్రకటనల్లో నిమిషానికి 80 మీటర్ల చొప్పున లెక్కగడతారు. సిగ్నళ్ల దగ్గర ఆగడం, మెట్లు ఆ లెక్కలో ఉండవు. హోటళ్లు రాసేదీ ఇంచుమించు అదే. మూడేళ్ల పాప, మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ నడిచే వేగానికి దాన్ని రెట్టింపు చేసుకోండి. ప్రకటనలో 5 నిమిషాలు దాటినవి పక్కన పెట్టేయండి.

షింజుకు వద్దనే చెబుతాను. ప్రపంచంలో అన్నిటికంటే రద్దీ స్టేషన్‌గా గిన్నిస్‌లోకి ఎక్కింది, ఎగ్జిట్లు 200 పైనే. తప్పు వైపు బయటపడితే పట్టాల అవతలికి చుట్టి రావడానికే పావుగంట. తూర్పు వైపు కాబుకిచో రాత్రి వినోదాల పేట, చవక గదులు చాలావరకు దాని అంచునే ఉంటాయి. ఒక పూట షింజుకు గ్యోఎన్ తోటకు వెళ్లి రండి, బాగుంటుంది. బస మాత్రం అక్కడ వద్దు.

ఓఎడో అనే సబ్‌వే లైన్ మీద ఉన్న హోటళ్లతోనూ జాగ్రత్త. ఆ లైన్ తర్వాత తవ్వింది కాబట్టి పాత లైన్లన్నిటి కిందుగా పోతుంది. రొప్పొంగిలో ప్లాట్‌ఫాం నేలకు 40 మీటర్ల పైచిలుకు లోతున ఉంటుంది. పైకి రావడానికి రెండు మూడు లిఫ్టులు మారాలి.

పరుపు కొలత

గది సంగతి నేను చెబుతాను, ఎందుకంటే పిల్లలతో వెళ్లేవాళ్లకు దెబ్బ పడేది ఇక్కడే.

మామూలు బిజినెస్ హోటల్ డబుల్ గది 11 నుంచి 15 చదరపు మీటర్లు, అంటే 120 నుంచి 160 చదరపు అడుగులు. పెద్ద సూట్‌కేసు రెండు తెరిస్తే నడవడానికి చోటుండదు. మంచం వెడల్పు సెంటీమీటర్లలో చూడండి. "సెమీ డబుల్" అంటే 120, "డబుల్" 140. సెమీ డబుల్‌ను ఇద్దరికి అని అమ్ముతారు, అందులో పెద్దవాళ్లిద్దరూ పాపా పడుకోలేరు. "హాలీవుడ్ ట్విన్" అంటే రెండు మంచాలు కలిపి వేసింది. చిన్న పిల్లలకు అదే మేలు, మధ్యలో పడుకోబెట్టుకోవచ్చు.

వేరే మంచం లేకుండా పెద్దవాళ్ల పక్కన పడుకునే పిల్లలకు డబ్బు తీసుకోని పద్ధతి ఒకటుంది, "సోయినే" అంటారు. వయసు హద్దు హోటల్‌ను బట్టి మారుతుంది. కొందరు బడికి వెళ్లని పిల్లలకే ఇస్తారు, కొందరు ప్రాథమిక పాఠశాల పిల్లలకూ ఇస్తారు. మంచానికి ఒక్కరే అనే నియమం కూడా చాలాచోట్ల ఉంది. మీ పాపకు ఎక్కడైనా దొరకవచ్చు. బాబు విషయం అడిగి తీరాలి.

ఐదుగురికి రెండు దారులు. ఒకటి, అపార్ట్‌మెంట్ హోటల్. మిమారు లాంటి సంస్థలు నలుగురైదుగురికి సరిపోయే గదులు వంటగట్టుతో ఇస్తున్నాయి, వాషింగ్ మెషీన్ గదిలో ఉందో, భవనంలో అందరికీ కలిపి ఉందో చూసుకోండి. రెండోది, ఒకే అంతస్తులో రెండు ట్విన్ గదులు. మధ్య తలుపున్న గదులు టోక్యోలో అరుదు, వాటి కోసం వెతుకుతూ రోజులు పోగొట్టుకోవద్దు. "ఒకే అంతస్తు, పక్కపక్కన" అని రాతలో అడగండి, చాలు.

చాప గది

పిల్లలకు టాటామి చాపల గది గురించి ఎవరూ చెప్పలేదేం? ఆరు చాపల గదిలో మూడు పరుపులు పరుస్తారు. మంచం మీంచి పడే భయమే ఉండదు.

పరుపు కొలత

పాప వరకు మీ మాట నిజమే. పెద్దావిడకు మాత్రం నేల మీంచి లేవడం నరకం అవుతుంది. రెండూ కావాలంటే "వాయో" గది అని వెతకండి, మంచాలూ చాపలూ ఒకే గదిలో ఉంటాయి.

మోకాళ్ల ప్రస్తావన వచ్చింది కాబట్టి స్నానాల గది కూడా చెబుతాను. చవక హోటళ్లలో తొట్టి, బేసిన్, టాయిలెట్ అన్నీ ఒకే అచ్చు పోసిన డబ్బాలో ఉంటాయి. లోపలికి ఒక గడప ఎత్తు మెట్టు, ఆ తర్వాత మోకాలు దాటిన ఎత్తున తొట్టి గోడ. తడి కాళ్లతో ఆ గోడ దాటడం పెద్దావిడకు ప్రమాదం. ఫోటోల్లో తొట్టి పక్కన కూర్చుని స్నానం చేసే నేల, చిన్న పీట కనబడుతున్నాయా చూడండి. అలాంటి గదుల్లో తొట్టి జోలికి పోకుండానే స్నానం అయిపోతుంది, పిల్లలకు పోయడానికీ వీలు. టాయిలెట్ విడిగా ఉంటే పొద్దున్నే ఐదుగురికి సుఖం.

మూడు సూట్‌కేసులు

సోయినే సంగతి తెలియదు, ధన్యవాదాలు. ఒక సైటులో ఐదుగురు అని కొడితే ఏమీ రావడం లేదు, ముగ్గురు పెద్దలు అంటే బోలెడు గదులు వస్తున్నాయి. పిల్లల్ని రాయకుండా బుక్ చేసుకుని అక్కడికెళ్లి చెబితే కుదురుతుందా?

రిజిస్టర్ బల్ల

వద్దండి. జపాన్లో చిరునామా లేని విదేశీ అతిథుల్లో ప్రతి ఒక్కరి పాస్‌పోర్టు కాపీ హోటల్ తీసుకోవాలి. పిల్లలవీ అడుగుతారు. గదికి ఇంతమంది అనే హద్దు దాటితే రాత్రిపూట ఇంకో గది కొనుక్కోమంటారు, గది లేకపోతే మీరే వెతుక్కోవాలి. సైటులో దొరక్కపోతే హోటల్ సొంత సైటులో వయసులు వేసి చూడండి. "మంచం అక్కర్లేని పిల్లవాడు" అనే గడి విడిగా ఉండేది అక్కడే.

సుమిద గట్టు

నరిటాలో దిగి హనెడాలో ఎక్కేవాళ్లకు ఒషియాగే అనే పేరు ఎందుకో ఎవరూ చెప్పరు. స్కైట్రీ గోపురం కింది స్టేషన్ అదే. కెయిసెయి, అసాకుసా లైన్, కెయిక్యూ అనే మూడు రైలు మార్గాలు ఒకదాని పట్టాల మీదికి ఒకటి రైళ్లు నడుపుతాయి కాబట్టి ఆ స్టేషన్ నుంచి రెండు విమానాశ్రయాలకూ దిగకుండా పోయే రైళ్లున్నాయి. నరిటా నుంచి యాక్సెస్ ఎక్స్‌ప్రెస్ సుమారు గంట, హనెడాకు ముప్పావుగంట. సూట్‌కేసులతో ఒక్కసారి కూడా రైలు మారక్కర్లేదు.

స్టేషన్ మీదే పెద్ద మాల్, అక్వేరియం, దగ్గర్లో సూపర్ మార్కెట్. పిల్లలకు పాలు, డైపర్లు మార్చే గదులు మాల్‌లోనే ఉంటాయి. హన్‌జోమోన్ మెట్రో లైన్ అక్కడే మొదలవుతుంది, అక్కడి నుంచే బయల్దేరే రైళ్లలో పొద్దున కూర్చోవడానికి సీటు దొరికే అవకాశం ఎక్కువ. 634 మీటర్ల గోపురం కాబట్టి దారి తప్పినా తలెత్తి చూస్తే చాలు.

లోటు కూడా చెప్పాలి. యాక్సెస్ ఎక్స్‌ప్రెస్‌లో సీటు రిజర్వేషన్ ఉండదు, మామూలు లోకల్ రైలు లాంటి పొడవాటి బెంచీలే, సామాను చోటు తక్కువ. రాత్రి తొమ్మిది దాటాక వీధులు నిర్మానుష్యంగా ఉంటాయి. ప్రమాదమేమీ లేదు, తినే చోట్లు మాత్రం తగ్గిపోతాయి.

అసాకుసాకు కూడా ఇదే లైన్ ఉంది. కానీ అసాకుసా పేరుతో నాలుగు స్టేషన్లున్నాయి. త్సుకుబా ఎక్స్‌ప్రెస్ వాళ్ల అసాకుసా మిగతా వాటికి అర కిలోమీటరు పైనే దూరం. "అసాకుసా స్టేషన్ నుంచి 2 నిమిషాలు" అంటే ఏ అసాకుసా అని అడగండి.

లిఫ్టు ఎక్కడ

ఒషియాగే సూచన బాగుంది. ఒక్క జాగ్రత్త, హనెడా వైపు వెళ్లేటప్పుడు రైలు ముందు రాసిన గమ్యం చదవాలి. అదే ప్లాట్‌ఫాంకి వచ్చే రైళ్లలో కొన్ని మిసాకిగుచి వైపు పోతాయి, అది ఎక్కితే కెయిక్యూ కమాతాలో మారాలి.

ఉయెనో వైపు

నా ఓటు ఉయెనోకే. స్కైలైనర్‌లో నరిటా నుంచి కెయిసెయి ఉయెనోకు ముప్పావుగంట లోపే, రిజర్వు సీటు, సామాను పెట్టడానికి చోటు. రాత్రంతా విమానంలో ఉన్న పిల్లలకు ఆ రైలే హాయి. మూడేళ్ల పాప ఒళ్లో కూర్చుంటే టికెట్ అక్కర్లేదు, సీటు కావాలంటే పిల్లల టికెట్ కొనాలి.

జేఆర్ (జపాన్ రైల్వేస్) వాళ్ల ఉయెనో స్టేషన్ పార్క్ ఎగ్జిట్‌ను 2020లో జరిపి కట్టాక, రోడ్డు దాటకుండానే పార్కులోకి అడుగు పెడతారు. జూ (1882లో మొదలైంది) ప్రాథమిక పాఠశాల పిల్లల వరకు ఉచితం, పెద్దలకు 600 యెన్లు. జాతీయ ప్రకృతి విజ్ఞాన మ్యూజియంలో పిల్లలకు టికెట్ లేదు. వాన పడితే ఏడేళ్ల బాబుకు రోజంతా అక్కడే గడిచిపోతుంది. రెండూ సోమవారం మూసేస్తారు, సోమవారం సెలవు రోజైతే ఆ మర్నాడు. వారం చూసుకోండి.

బస ఉయెనోకు దక్షిణాన, ఒకాచిమాచి వైపు చూడండి. ఉత్తరాన పక్క స్టేషన్ ఉగుయిసుదానిలో ధరలు చవగ్గా కనిపిస్తాయి. ఆ స్టేషన్ చుట్టూ ఉన్నవి ఎక్కువగా గంటల లెక్కన జంటలకు ఇచ్చే హోటళ్లు, బుకింగ్ సైట్లలో మామూలు హోటళ్లతో కలిసిపోయి వస్తాయి. "పెద్దలకు మాత్రమే" అన్న మాట ఉందేమో నియమాల్లో వెతకండి. షిబుయాలో దోగెన్‌జకా కొండ కూడా అంతే.

జేఆర్ పట్టాలను ఆనుకున్న హోటల్ అయితే పై అంతస్తు, పట్టాలకు ఎదురు వైపు గది అడగండి. తెల్లవారుజామున నాలుగున్నర నుంచి అర్ధరాత్రి దాటేదాకా రైళ్లు తిరుగుతూనే ఉంటాయి.

పోపులపెట్టె

శాకాహారులు అన్నారు కాబట్టి వంటగట్టు ఉన్న గదికే నా సలహా. సాయంత్రం ఆరుకు అలిసిపోయిన మూడేళ్ల పిల్లను పెట్టుకుని శాకాహారం కోసం వీధులు తిరగలేరు.

చిక్కు "దాషి"లో ఉంది. మిసో సూప్, ఉడాన్ పులుసు, కూరగాయల ఉడుకు, చివరికి గుడ్డట్టులో కూడా ఎండుచేప రసం కలుపుతారు. మాంసం వద్దని చెబితే అది కలిపిన వంటకమే తెచ్చిపెడతారు. చేపరసం కూడా వద్దని విడిగా చెప్పాలి. కొన్ని పెరుగుల్లో, చాలా మిఠాయిల్లో జిలాటిన్ ఉంటుంది. చక్కెర లేని సాదా పెరుగు 400 గ్రాముల డబ్బాలు ఏ సూపర్ మార్కెట్లోనైనా దొరుకుతాయి, పెరుగన్నానికి అవే సరి. మైక్రోవేవ్‌లో రెండు నిమిషాలు పెట్టే అన్నం ప్యాకెట్లు తీసుకోండి, టోఫు, ఉడికించిన చిలగడదుంప, ఎడమామె (పచ్చి సోయా) కాయలు. కారం తినని పిల్లలకు బాగానే గడుస్తుంది.

ఒకాచిమాచిలో మన పప్పులు, మసాలాలు అమ్మే కొట్లు, శాకాహార భోజనశాలలు ఉన్నాయి. నగల రాళ్ల వ్యాపారం చేసే జైనులు అక్కడ చాలామంది ఉండడం దానికి కారణం. షిన్-ఒకుబోలో కూడా మసాలా కొట్ల సందు ఒకటుంది.

ఇంటి నుంచి రైస్ కుక్కర్, కెటిల్ మోసుకెళ్లకండి. అక్కడ కరెంటు 100 వోల్టులు. మన 230 వోల్టుల కాయిల్ దాని మీద ఐదో వంతు వేడి కూడా ఇవ్వదు, బియ్యం నాని ఉంటాయి గానీ ఉడకవు. ఫోన్ చార్జర్ మీద "100-240" అని ఉంటుంది కాబట్టి పనిచేస్తుంది, రెండు చదును పిన్నుల అడాప్టర్ చాలు. పచ్చి కరివేపాకు, పళ్లు సామానులో పెట్టొద్దు, మొక్కల తనిఖీలో తీసేస్తారు. సర్టిఫికెట్ లేకుండా బియ్యానికీ అదే గతి.

కాసాయి పక్క

శాకాహారం అంటే నిషి-కాసాయి పేరు రావాలి కదా. టోక్యోలో భారతీయులు ఎక్కువగా ఉండేది ఎడోగావా వార్డులోని ఆ పేటలోనే. కిరాణా కొట్లున్నాయి. నడిచి వెళ్లే దూరంలో వార్డు నడిపే చిన్న జూ ఉచితం. పక్క స్టేషన్ కాసాయిలో పట్టాల కిందే సబ్‌వే మ్యూజియం ఉంది, రైళ్ల పిచ్చి ఉన్న ఏడేళ్ల పిల్లవాడికి అంతకన్నా ఏం కావాలి.

లిఫ్టు ఎక్కడ

నెల రోజులుండేవాళ్లకైతే నేనూ అదే చెబుతాను. ఆరు రాత్రులకు కాదు. ఊళ్లోకి పోవాలంటే తోజాయి లైన్, పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర మధ్య నగరంలో బాగా కిక్కిరిసే లైన్లలో అదొకటి. స్ట్రోలర్ మడవకుండా ఎక్కనిస్తారు, కానీ ఆ జనంలో పాప ఎత్తు పెద్దవాళ్ల నడుం దాకే. రోజూ పది దాకా ఆగి బయల్దేరాల్సి వస్తుంది.

నాలుగు సీట్లు

టాక్సీ గురించి ఎవరూ అనలేదు, మీ ఐదుగురి లెక్కకు అది ముఖ్యం. మామూలు టాక్సీలో ప్రయాణికులు నలుగురు. 12 ఏళ్ల లోపు పిల్లలు ముగ్గురైతే ఇద్దరు పెద్దల కింద లెక్క. ముగ్గురు పెద్దలు కూర్చున్నాక మిగిలేది ఒక సీటు, దాన్ని ఒకటిన్నర పిల్లలుగా గుణించి కింది అంకెకు దించుతారు, అంటే ఒక్క బిడ్డే. మీ ఇద్దరు పిల్లలతో ఒక టాక్సీ సరిపోదు. రెండు తీసుకోవాలి, లేదా వ్యాన్ ముందుగా పిలిపించుకోవాలి. మొదటి కిలోమీటరు దాకా సుమారు 500 యెన్లు, రాత్రి 10 నుంచి 5 దాకా 20 శాతం అదనం, రెండు టాక్సీలు కాబట్టి మీకు అన్నీ రెండింతలు. అందుకే "స్టేషన్ దూరమైతే ఏం, టాక్సీలో పోతాం" అనే ఆలోచన మీకు పనికిరాదు.

సూట్‌కేసులు మాత్రం వదిలించుకోవచ్చు. విమానాశ్రయంలోనే తక్క్యూబిన్ (సామాను చేరవేసే సేవ) కౌంటర్లో ఇస్తే సాధారణంగా మర్నాటికి హోటల్‌కు చేరుస్తారు. ఒక రాత్రికి సరిపడా బట్టలు, మందులు, డైపర్లు చేతిసంచిలో ఉంచుకోండి. అద్దె ఇంటికి అయితే అందుకోవడానికి మనిషి ఉండాలి, హోటల్‌కు అయితే బల్ల దగ్గర తీసి ఉంచుతారు.

రిజిస్టర్ బల్ల

అద్దె ఇళ్ల మాట వచ్చింది కాబట్టి రెండు ముక్కలు. 2018 జూన్ నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం మామూలు ఇంటిని ఏడాదికి 180 రోజులకు మించి అతిథులకు ఇవ్వకూడదు, ప్రకటనలో రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. నంబరు లేని ఇల్లు ఎంత చవకైనా వద్దు, ఆఖరి నిమిషంలో రద్దయితే పిల్లలతో రోడ్డు మీద పడతారు. పాత మూడంతస్తుల భవనాల్లో లిఫ్టు ఉండదు, "2వ అంతస్తు" అంటే నేల మీంచి ఒక వరుస మెట్లు (వాళ్లు నేల అంతస్తునే ఒకటి అంటారు). కట్టిన ఏడాది 1981 తర్వాతదై ఉండాలని చూసుకోండి, భూకంపాల కొత్త నిర్మాణ ప్రమాణాలు ఆ ఏడు జూన్‌లో వచ్చాయి. బాల్కనీ ఉంటే పక్కన పాప ఎక్కగలిగే కుర్చీ, ఏసీ డబ్బా లేకుండా చూడాలి.

మూడు సూట్‌కేసులు

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. రెండు మిగిలాయి. ఒకాచిమాచి దగ్గర అపార్ట్‌మెంట్ హోటల్, ఐదుగురికి ఒకే గది, 34,000. ఒషియాగేలో రెండు ట్విన్ గదులు, మొత్తం 28,000. రైలు కార్డులు, దిగిన రోజు చెక్-ఇన్ దాకా ఏం చేయాలో కూడా చెప్పండి.

పరుపు కొలత

ఒకాచిమాచిదే తీసుకోండి. వంటగట్టు, వాషింగ్ మెషీన్ రెండూ ఉన్నాయంటే ఆరువేల తేడా తిండిలోనే తిరిగొస్తుంది. డబ్బు కట్టే ముందు హోటల్‌కు మెయిల్ రాయండి. వయసులతో సహా ఐదుగురూ సరిపోతారా, స్నానాల నేల విడిగా ఉందా, మంచం అంచుకు పెట్టే అడ్డుబల్ల ఇస్తారా (వీళ్ల దగ్గర కొన్నే ఉంటాయి), గది పొగ తాగని అంతస్తులోనేనా. జవాబు మెయిల్ అచ్చు తీసి వెంట ఉంచుకోండి. ఉచితంగా రద్దు చేసుకునే గడువు చూసి ఒషియాగే గదులు కూడా అప్పటిదాకా పట్టి ఉంచండి.

సుమిద గట్టు

ఒషియాగే పోయినందుకు బాధ లేదు, వంటగట్టు ముందు నా వాదన నిలవదు.

లిఫ్టు ఎక్కడ

కార్డులు: పాపకు అక్కర్లేదు, టికెట్ కొన్న ఒక్కొక్కరి వెంట ఆరేళ్ల లోపు పిల్లలు ఇద్దరు ఉచితం. బాబుకు సగం చార్జీ, దానికి పిల్లల కార్డే కావాలి, పెద్దల కార్డు గీస్తే పూర్తి చార్జీ పోతుంది. నరిటాలో జేఆర్ కౌంటర్లో పాస్‌పోర్టు చూపించి పిల్లల వెల్కమ్ సుయికా కార్డు తీసుకోండి. 28 రోజులు చెల్లుతుంది, మిగిలిన డబ్బు వెనక్కి రాదు కాబట్టి కొంచెం కొంచెం నింపండి. జేఆర్ నుంచి మెట్రోకు మారితే చార్జీ మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. దారి వెతికేటప్పుడు మ్యాప్‌లో వీల్‌చెయిర్ దారి ఎంచుకుంటే లిఫ్టుల మీదుగా చూపిస్తుంది.

దిగిన రోజు: చెక్-ఇన్ చాలాచోట్ల మధ్యాహ్నం 3కే. స్కైలైనర్‌లో పదకొండు లోపే ఉయెనో చేరతారు, సామాను హోటల్ బల్ల దగ్గర పెట్టి పార్కుకు నడవండి. నిద్రకు తాళలేని పిల్లలైతే ముందు రాత్రికి కూడా గది కట్టడమే దారి, గంట రెండు గంటల ముందు గది ఇమ్మని బతిమాలితే దొరుకుతుందని నమ్ముకోవద్దు.

అక్టోబర్ 31 సాయంత్రం షిబుయా వైపు వెళ్లకండి, హాలోవీన్ జనాన్ని అదుపు చేయడానికి ఆంక్షలు పెడతారు. నవంబర్ 1న హనెడాలో ఎనిమిదిన్నరకు ఉండాలి. ఏడు కాకముందే ఒకాచిమాచిలో కెయిహిన్-తోహోకు లైన్ ఎక్కి షినాగావాలో కెయిక్యూకు మారండి, చివరి పెట్టె వైపు కాకుండా షినాగావాలో లిఫ్టు దగ్గర ఆగే పెట్టె ఏదో ముందు రోజే స్టేషన్ పటంలో చూసి పెట్టుకోండి.